యానాంలో ప్రిమ్‌రోజ్ పూస్తుందా?

గౌతమీ గోదావరి సముద్రంలో కలవబోయే చోటికి కాస్త ఎగువన ఉంది యానాం. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్; పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు కనుక, ఇక్కడి కొన్ని కుటుంబాలకు ఇప్పటికీ ఫ్రాన్సులో చుట్టాలున్నారు. అలాంటి ఇంటి అమ్మాయి ఒకతె, తొమ్మిదో తరగతి చదువుతున్నది, బడి తెరిచిన కొత్తలో ఒక రంగుల కార్డు తెచ్చి నాకు చూపించింది. వాళ్ళ పెదనాన్న పంపిన కార్డు అది. నేలకు అంటుకున్నట్టు గుండ్రంగా పరుచుకున్న ముడతల ఆకులు, వాటి మధ్య గుత్తులుగా పసుపు, ఎరుపు, ఊదా పూలు. అడుగున ఫ్రెంచిలో "ప్రీమ్‌వేర్" అని ఉంది.

"మాస్టారూ, జనవరిలో జరిగే పూల ప్రదర్శనకి ఈ మొక్క పెట్టాలని ఉందండి. గింజలు పంపమని పెదనాన్నకి రాయమంటారా?" అని అడిగింది.

రాయొద్దన్నాను. పరాయి దేశం నుంచి గింజలు ఉత్తరంలో పెట్టి తెప్పించుకోవటం మన చట్టం ఒప్పుకోదు. మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు 2003లో వచ్చింది. గింజతోపాటు తెగులో, పురుగో, కలుపు మొక్కో దేశంలోకి రాకుండా ముందు పరీక్ష చేయించాలి, అనుమతి పత్రం ఉండాలి. ఒక్క చిన్న పొట్లానికి ఇంత హడావుడి ఎందుకని మీరనవచ్చు. మన కాలవల నిండా పేరుకుపోయిన గుర్రపుడెక్కను ఒకసారి తలుచుకోండి. దాని సొంత ఊరు దక్షిణ అమెరికా. ఊదారంగు పూలు అందంగా ఉన్నాయని తోటల కోసం మనుషులే దేశదేశాలకూ మోసుకుపోయారు. దాని సంగతి మళ్ళీ చెబుతాను. ఈ కథలో దానికి కూడా చోటుంది.

ఫ్రాన్సు పొట్లం మానుకుని, మన దేశంలోనే కొండ ప్రాంతాల తోటలకు గింజలమ్మే దుకాణం నుంచి ఒక పొట్లం తెప్పించాం. "ప్రిములా మలకాయిడిస్" అని దాని మీద ఉంది. చైనాలోని యునాన్ కొండల మొక్క ఇది. కార్డు మీది ప్రిమ్‌రోజ్‌కు పినతల్లి బిడ్డ లాంటిది. పూలు కొంచెం చిన్నవి, కానీ అంతస్తులు అంతస్తులుగా పూస్తుంది. కుండీలో పెంచటానికి అదే అనువైనదని దుకాణం వాళ్ళు కూడా రాశారు.

ప్రిమ్‌రోజ్ అని పేరేగాని గులాబీకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. లాటిన్‌లో "ప్రిమా" అంటే మొదటిది. మంచు కరిగీ కరగకముందే, మిగతా పూలన్నిటికంటే ముందు పూసేది అని అర్థం. ఫ్రెంచి పేరుకూ "తొలి వసంతం" అనే అర్థం. ఈ ప్రిములా ప్రజాతిలో నాలుగు వందలకు పైగా జాతులున్నాయి. యూరపు పువ్వు అనుకుంటాం గాని, వీటిలో చాలా భాగం హిమాలయాల్లోనూ, వాటికి ఆనుకుని ఉన్న చైనా కొండల్లోనూ పుట్టినవే. మంచు కరిగిన నీరు పారే పచ్చికలో, చల్లని తేమలో పెరుగుతాయి. తెలుగులో దీనికి పేరే లేదు. మన నేల మీద పెరగని మొక్కకు మన తాతలు పేరెందుకు పెడతారు?

గింజలు వచ్చేలోపు ఆ అమ్మాయికి డార్విన్ సంగతి చెప్పాను. మీకూ చెప్పాలి.

పరిణామవాదం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు ప్రిమ్‌రోజ్ పూలంటే ఎంతో ఇష్టం. ఇంగ్లండు పల్లెల్లో పిల్లలకు ఎప్పటినుంచో తెలిసిన విషయం ఒకటుంది: ఈ పూలు రెండు రకాలు. కొన్ని పూల నోటిలో సరిగ్గా నడిమధ్య గుండుసూది తలలాంటిది కనిపిస్తుంది. అది కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగం. ఈ పూలలో కీలం పొడుగు. పుప్పొడి తిత్తులు గొట్టంలో లోపలెక్కడో సగం దారిలో ఉంటాయి. రెండో రకంలో అంతా తలకిందులు. పుప్పొడి తిత్తులు నోటి దగ్గర కుచ్చులా ఉంటాయి, కీలం పొట్టిగా అడుగున దాక్కుంటుంది. మొదటి రకాన్ని "పిన్" అన్నారు. రెండోదాన్ని "త్రమ్" అన్నారు. మగ్గం మీద నేసిన గుడ్డ కోశాక మిగిలే నూలు కొసలకు ఇంగ్లీషులో ఆ పేరు. ఒక మొక్క మీద ఉన్నవన్నీ ఒకే రకం పూలు. ఒక పచ్చికలో మాత్రం రెండు రకాల మొక్కలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి.

అందరూ చూశారు, ఎందుకిలా అని అడిగినవారు లేరు. డార్విన్ అడిగాడు. మొక్కల మీద వల కప్పి, పురుగులు వాలకుండా చేసి, తన చేత్తో పుప్పొడి అద్దాడు. పిన్ పుప్పొడిని పిన్‌కు, పిన్ పుప్పొడిని త్రమ్‌కు, ఇలా నాలుగు విధాలుగా. కాయలు పండాక ఓపిగ్గా గింజలు లెక్కపెట్టాడు. ఒకే రకం పూల మధ్య జరిగిన సంపర్కంలో గింజలు తక్కువ. వేరు వేరు రకాల మధ్య జరిగినప్పుడు గింజలు సమృద్ధి. పొడవాటి నాలుక ఉన్న పురుగు పిన్ పువ్వులో తేనె తాగినప్పుడు పుప్పొడి దాని నాలుక మధ్యలో అంటుకుంటుంది. అదే పురుగు త్రమ్ పువ్వుకు వెళితే, నాలుక మీద సరిగ్గా ఆ చోటే పొట్టి కీలాగ్రానికి తగులుతుంది. త్రమ్ పుప్పొడి నాలుక మొదట్లో అంటుకుని, పిన్ పువ్వు పొడుగు కీలాగ్రానికి చేరుతుంది. తన పుప్పొడి తనకే కాకుండా పొరుగు మొక్కకు చేరే ఏర్పాటు ఇది. ఈ సంగతి డార్విన్ 1861లో లిన్నేయన్ సొసైటీలో చదివాడు, మరుసటి ఏడు అచ్చయింది. 1877లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. తన శాస్త్ర జీవితంలో తనకు ఇంత తృప్తినిచ్చిన పని మరొకటి లేదని ఆత్మకథలో చెప్పుకున్నాడు కూడా. జాతుల పుట్టుక గురించి పుస్తకం రాసిన మనిషి ఆ మాటన్నాడంటే ఆశ్చర్యం కదూ!

కీలం పొట్టిగా ఎలా అవుతుందో తెలియటానికి మాత్రం 2016 దాకా ఆగాల్సి వచ్చింది. త్రమ్ మొక్కల్లో ఒక జన్యువు అదనంగా ఉంటుంది. కణాలను పొడుగు సాగదీసే ఒక హార్మోనును అది కీలంలో నాశనం చేస్తుంది. అందుకే కీలం సాగదు. పిన్ మొక్కల్లో ఆ జన్యువు అసలు లేదు.

ఇప్పుడు గుర్రపుడెక్క దగ్గరకు వద్దాం. ప్రిమ్‌రోజ్ మనకు దొరక్కపోయినా ఈ విచిత్రం మన కాలవ గట్టునే ఉంది. ప్రిమ్‌రోజ్‌లో రెండు రకాల పూలయితే గుర్రపుడెక్కలో మూడు రకాలు: కీలం పొడుగు, మధ్యరకం, పొట్టి. దక్షిణ అమెరికా నుంచి బయటికొచ్చిన మొక్కల్లో చాలా మటుకు మధ్యరకమే ఉంది. కొద్ది మొక్కలే ప్రయాణం కట్టాయి, ఆ తరవాత పిలకలతోనే లోకమంతా అల్లుకున్నాయి. గింజ కోసం ఎదురుచూడాల్సిన పనే దానికి లేకపోయింది. మీ ఊరి కాలవలో పువ్వు కోయించి చూడండి. కాలవలోకి మీరు దిగవద్దు సుమా, గట్టున ఉన్న పెద్దవాళ్ళను అడగండి. రేకులు జాగ్రత్తగా చీల్చితే ఆరు కేసరాలు కనిపిస్తాయి, మూడు పొడుగు, మూడు పొట్టి. కీలాగ్రం ఆ రెంటికీ మధ్యన ఉంటే అది మధ్యరకం. మా ఊళ్ళో మేము చూసినవన్నీ అవే. ఇంకో రకం మీకు కనిపిస్తే కాగితం మీద బొమ్మ వేసి, తేదీ రాసి దాచుకోండి.

గింజలు జులైలో వచ్చాయి. పొగాకు గింజలంత సన్నం. తుమ్మితే ఎగిరిపోతాయి. ఒక గ్రాములో వేలకు వేలు ఉంటాయి. ఒండ్రుమట్టి, ఇసుక, చివికిన ఆకు ఎరువు జల్లించి కలిపి వెడల్పాటి మట్టి పళ్ళెంలో నింపాం. గింజలు పైన చల్లామే గాని మట్టి కప్పలేదు. ఇవి వెలుతురు తగిలితేనే బాగా మొలిచే గింజలు. పళ్ళెం నీడన వసారాలో పెట్టాం. ఒక వారం, రెండు వారాలు, నెల. పైన పచ్చగా పాచి పట్టింది. మొలక మాత్రం ఒక్కటీ లేదు. "గింజలు చచ్చినవి ఇచ్చారేమోనండి" అంది అమ్మాయి. నాకూ అదే అనుమానం.

గింజలు చావలేదు. వేడికి పడుకున్నాయి. ప్రిములా గింజలు 15 నుంచి 18 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య హాయిగా మొలుస్తాయి. 20 దాటితే మొలవటం మందగిస్తుంది, ఇంకా పెరిగితే మానేస్తుంది. జులైలో మా వసారాలో రాత్రి కూడా 26 డిగ్రీలకు తగ్గదు. చల్లని కొండ మీద ఈ గుణం మొక్కకు ప్రాణరక్ష. ఎండాకాలంలో మొలిస్తే లేత వేరు ఎండిపోతుంది. కనుక వేడి తగిలితే ఆగు, చల్లబడ్డాక లే అన్నది దాని కట్టుబాటు. లెట్యూస్ ఆకుకూర గింజలు కూడా ఇలాగే చేస్తాయి. వాటి మీద జరిగిన పరిశోధనల్లో తేలిందేమంటే, వేడి తగిలిన గింజలో నిద్రపుచ్చే ఆబ్‌సిసిక్ ఆమ్లం పెరుగుతుంది, మేలుకొలిపే జిబ్బరెల్లిన్ తగ్గుతుంది.

అయితే చల్లబరచాలి. తడి గోనెపట్టా చుట్టి చూశాం. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది కదా, కుండలో నీళ్ళు చల్లబడేది అందుకేగా! కానీ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. తేమ ఉన్న గాలిలోకి నీరు త్వరగా ఆవిరి కాదు. థర్మామీటరు రెండు మూడు డిగ్రీలు దిగి అక్కడే నిలిచిపోయింది. అనంతపురంలో అయితే ఈ ఉపాయం ఇంకాస్త బాగా పనిచేసేది.

చివరకు దారి చూపింది చేపల వ్యాపారం. యానాంలో చేపలు ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెల్లో ఎగుమతి అవుతాయి. అమ్మాయి పాత పెట్టె ఒకటి సంపాదించి, సబ్బుతో నాలుగుసార్లు కడిగి తెచ్చింది, వాసన పోలేదనుకోండి. అడుగున డబ్బాలో ఐసుముక్కలు, దాని మీద చెక్క పలక, పలక మీద కొత్త విత్తనాల పళ్ళెం, పైన మూతకు బదులు గాజు పలక. ఒక గ్రాము ఐసు కరగాలంటే 80 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని పెట్టెలోని గాలి నుంచే తీసుకుంటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఐసు మారుస్తూ, థర్మామీటరు చూసి నోటుపుస్తకంలో రాసుకుంటూ, 16కూ 19కీ మధ్య నిలబెట్టింది. పదహారో నాడు, బడికి రాకముందే పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. పచ్చటి చుక్కలు! భూతద్దంలో చూస్తే ఒక్కొక్కదానికీ రెండేసి బీజదళాలు. ఇరవై పైచిలుకు మొలిచాయి. గింజలమ్మినవాళ్ళను అనుమానించినందుకు సిగ్గుపడ్డాను.

అంతటితో గెలిచామనుకుంటే పొరపాటు. మొలకెత్తటం ఒక మెట్టే. మొలకలను ఎల్లకాలం ఐసుపెట్టెలో పెంచలేం కదా. సెప్టెంబరులో బయటి నీడకు మార్చాం. పది రోజుల్లో సగానికి పైగా మొదలు దగ్గర నల్లబడి వాలిపోయాయి. ఇది నారుకుళ్ళు తెగులు. తడిమట్టిలో, వేడిలో బలిసే పిథియం లాంటి సూక్ష్మజీవుల పని. ఇంకో ఇబ్బంది రాత్రి వేడి. మొక్క పగలు కిరణజన్య సంయోగక్రియతో ఆహారం చేసుకుంటుంది, రేయింబవళ్ళూ శ్వాసక్రియలో కొంత ఖర్చు పెడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ సుమారు రెట్టింపవుతుంది. చల్లని రాత్రులకు అలవాటుపడ్డ మొక్క మన రాత్రుల్లో పగటి సంపాదనంతా కరగబెట్టుకుంటుంది. అయినా అయిదు మొక్కలు డిసెంబరు దాకా నిలిచాయి. ఆకులు ముడతలు ముడతలుగా, వెనకవైపు మెత్తగా, అచ్చం కార్డులో మాదిరే. మొగ్గ మాత్రం లేదు.

ప్రిములా మలకాయిడిస్ మొగ్గ తొడగాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి. యానాంలో సంవత్సరం మొత్తంలో చల్లనిది జనవరి. ఆ నెలలో కూడా తెల్లవారుజామున సుమారు 19, మధ్యాహ్నం 28 డిగ్రీలు. మొక్కకు అది మన లెక్కలో వసంతం కూడా కాదు.

ఒకవేళ పూసినా ఏ రంగులో పూసేదో! చైనా ప్రిమ్‌రోజ్ అనే ప్రిములా సైనెన్సిస్ మీద జర్మనీ శాస్త్రవేత్త ఎర్విన్ బౌర్ చేసిన ప్రయోగం జన్యుశాస్త్రం పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఎర్రపూల రకాన్ని పూతకు ముందు కొన్ని వారాలు 30 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచితే తెల్లపూలు పూసింది. అదే మొక్కను చల్లని చోటికి మారిస్తే ఆ తరవాత వచ్చిన పూలు మళ్ళీ ఎర్రనివి. తెల్లపూల రకం ఇంకొకటుంది. అది ఎక్కడ పెట్టినా తెలుపే. చూడటానికి రెండూ తెల్లగానే ఉన్నా, ఒకటి పుట్టుకతో తెలుపు, మరొకటి వేడికి తెలుపు. మొక్కకు తల్లిదండ్రుల నుంచి వచ్చేది రంగు కాదు, ఫలానా పరిస్థితిలో ఫలానా రంగు చేయగల శక్తి అని బౌర్ దీన్నిబట్టి చెప్పాడు.

ఇంతకీ ప్రదర్శనకు ఏం పెట్టారని అడుగుతున్నారా? నేను పెద్దవాణ్ణి కనుక నాకు కొంచెం పిరికితనం ఉంది. అక్టోబరు మొదటి వారంలోనే, ఆ అమ్మాయికి ఇష్టం లేకపోయినా, పక్కన పెట్యునియా గింజలు వేయించాను.

పెట్యునియా కూడా పరాయి మొక్కే. పుట్టిల్లు దక్షిణ అమెరికా. తెల్లపూల జాతినీ ఊదాపూల జాతినీ కలిపి 1830ల్లో యూరపులో తోటరకాలు తయారుచేశారు. దీని పేరుకు మూలం "పెతూన్" అనే మాట. అక్కడి ఆదివాసులు పొగాకును అలా అంటారు. నిజంగానే ఇది పొగాకుకు దగ్గరి చుట్టం. ఆకు ముట్టుకుంటే పొగాకు ఆకులాగే జిగట. ఈ చుట్టరికం గోదావరి జిల్లాల వారికి బాగా కలిసొస్తుంది. లంకల్లో పొగాకు పండించే రైతుకు దుమ్ములాంటి గింజను నారుమడిలో సమానంగా ఎలా చల్లాలో తెలుసు: సన్నని ఇసుకలో కలిపి చల్లుతాడు. పొగాకు పరిశోధనకు కేంద్ర సంస్థను 1947లో రాజమండ్రిలోనే నెలకొల్పారు.

మీరు వేయాలనుకుంటే ఇలా చేయండి. ఒండ్రుమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో జల్లించి కలపండి. కోనసీమలో దొరికే కొబ్బరిపొట్టు కొంచెం చేరిస్తే తేమ నిలుస్తుంది, కాని దాన్ని ముందు రెండు మూడు నీళ్ళలో కడగాలి; ఉప్పు, కసరు పోవాలి. గింజను ఇసుకతో కలిపి పైన చల్లి అరచేత్తో మెల్లగా ఒత్తండి, మట్టి కప్పవద్దు. ఇదీ వెలుతురు కోరే గింజే. నీళ్ళు పైనుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. కుండీని నీళ్ళ పళ్ళెంలో కూర్చోబెట్టండి. కేశనాళికల ద్వారా దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు నీరు మట్టిలోకి ఎక్కుతుంది. పైన చెమ్మ కనిపించగానే తీసేయండి. 22 నుంచి 25 డిగ్రీల్లో వారం పది రోజులకు మొలుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి తుపానుల భయం ఉంది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను ఈ ప్రాంతాన్ని ఎంత దెబ్బ తీసిందో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. కుండీలు గబుక్కున లోపలికి మోయగలిగేటట్టు చిన్నవిగా ఉంచుకోండి. నాలుగైదు ఆకులు రాగానే ఒక్కొక్క మొక్కనూ విడి కుండీలోకి మార్చండి. జానెడు కాకముందే చిగురు తుంచితే పక్క కొమ్మలు వచ్చి గుబురవుతుంది.

నీటి సంగతి యానాం పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఎండాకాలం నదిలో నీరు తగ్గినప్పుడు సముద్రపు పోటు గౌతమిలో ఎగువకు వస్తుంది, చాలా చోట్ల భూమిలో నీళ్ళూ ఉప్పగా ఉంటాయి. ఉప్పునీరు నారుకు విషం. నీళ్ళు పోసే ముందు ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూడండి. కడియం, కడియపులంక నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపగలుగుతున్నాయంటే, ఒండ్రునేలతోపాటు ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీరు ముఖ్యకారణం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించాడు. కడియం ఆ ఆనకట్టకు కొద్ది దూరంలోనే, తీపినీటి మొగదల ఉంది. యానాం అదే నీటికి చిట్టచివర ఉంది. చలికాలంలో ఆ నర్సరీల దారిన వెళితే బంతి, పెట్యునియా, సాల్వియా రోడ్డు పొడుగునా బారులు తీరి ఉంటాయి. ప్రిమ్‌రోజ్ ఎక్కడైనా ఉందేమోనని నేను వెతికాను. ఒక ముసలి తోటమాలి నవ్వి, "ఆ చలి ఇక్కడెక్కడిదండీ బాబూ" అన్నాడు. ఆ ఒక్కమాట నేను జులైలో విని ఉంటే ఐసు ఖర్చు మిగిలేది. మొలక చూసిన ఆ ఉదయం కూడా మిగిలేది కాదనుకోండి.

జనవరి ప్రదర్శనకు అమ్మాయి ఊదారంగు పెట్యునియా కుండీ తీసుకెళ్ళింది. బహుమతి రాలేదు, కాని కుండీ ముందు నిలబడి ప్రిమ్‌రోజ్ కథంతా చెప్పి చాలామందిని ఆపేసింది. పువ్వు లేని ప్రిమ్‌రోజ్ మొక్కలు అయిదింటిలో చివరిది మార్చి రెండో వారంలో వాడిపోయింది. పొట్లంలో ఇంకా సగం గింజలున్నాయి. ప్రిములా గింజలు మామూలు గదిలో ఉంచితే త్వరగా సత్తువ పోగొట్టుకుంటాయి. అందుకని మూత బిగువుగా ఉన్న సీసాలో పోసి, తేదీ రాసిన కాగితం అంటించి, వాళ్ళింటి ఫ్రిజ్‌లో ఊరగాయ జాడీ వెనక పెట్టింది. ఈసారి ప్రిములా అబ్‌కోనికా తెప్పిద్దామంటోంది. దానికి పూతకు అంత చలి అక్కర్లేదట. దాని ఆకు రసం తగిలితే కొందరి చర్మానికి దద్దుర్లు వస్తాయి, ఆ గుణం తీసేసిన రకాలు ఉన్నాయి, వాటినే అడగాలి అని చెప్పాను. చేపల పెట్టె మాత్రం మా వసారాలోనే ఉంది. వాసన ఇంకా పోలేదు.